ఘర్‌పట్టి మాఫీ అడుగుదమా?

నాయ్‌గావ్ నగరపంచాయతీ వారికి మన సంఘము తరఫున ఒక అర్జీ పెట్టవలెనని కొంతకాలముగా సభ్యులు కొందరు అడుగుచున్నారు. నేతవారి ఇండ్లకు ఘర్‌పట్టి పూర్తిగా మాఫీ చేయవలెనని దాని సారాంశము. సంతకముల కొరకు కాగితము కూడ ఇల్లిల్లు తిరుగుచున్నది. ఇట్టి సమయమున సంఘ పత్రిక మౌనము వహించుట మర్యాద కాదు గనుక మా అభిప్రాయము మొదటనే చెప్పుచున్నాము. ఇప్పుడున్న రూపములో ఈ అర్జీని మేము బలపరచలేము. నేతవాని కష్టము తెలియక ఈ మాట అనుటలేదు. నూలు ధర ఎట్లున్నదో, మజూరి ఎట్లున్నదో, ఇంటిలో ఆడువారు బీడీలు చుట్టి తెచ్చినదానితో నెలాఖరు ఎట్లు గడచుచున్నదో తెలిసియే అనుచున్నాము.

ఈ కోరిక ఎక్కడ పుట్టినదో ఊహించుట కష్టము కాదు. ముంబయిలో దాదరు ప్రక్కన నాయ్‌గావ్ అను పేట ఇంకొకటి ఉన్నది. ఆ నాయ్‌గావ్‌లో 500 చదరపు అడుగుల లోపు సొంత ఇల్లున్నవానికి 2022 జనవరి 1 నుండి ఘర్‌పట్టి లేదు. ఈ నాయ్‌గావ్‌లో ఉన్నది. పేరొక్కటే, రాష్ట్రమొక్కటే, మరి ఈ భేదమేల అని మనవారు అడుగుట సహజము. కాని ఆ మాఫీ కథ కొంచెము వివరముగా చూడవలెను. 2019లో మొదట ఇచ్చినది సగము సగము మాఫీ. బిల్లులో సాధారణ పన్ను అను పద్దు మాత్రము కొట్టివేసి, నీటి పన్ను, మురుగు పన్ను మొదలైన తక్కిన పద్దులు అట్లే ఉంచినారు. పూర్తి మాఫీ 2022లో వచ్చినది. దానివలన లాభము పొందిన ఇండ్లు 16 లక్షలకు పైబడినవి, అక్కడి కార్పొరేషను ఏటా వదలుకొన్నది వందల కోట్లు. ముంబయి కార్పొరేషనుకు బ్యాంకులలో వేల కోట్ల డిపాజిట్లు ఉన్నవి గనుక ఆ దెబ్బ ఓర్చుకొన్నది. మన నగరపంచాయతీకి ఏ బ్యాంకులో ఏమున్నదని మనము ఆ దారి పట్టవలెను?

ఘర్‌పట్టితో ఊరు ఏమి చేయుచున్నదో ఇప్పుడు చూతము. పెద్ద పనులకు, అనగా కొత్త నీటి పథకములకు, సిమెంటు రోడ్లకు, డబ్బు పైనుండి వచ్చును. అది ఢిల్లీనుండో ముంబయినుండో వచ్చిన అనుదానము. పథకము పూర్తియైన తరువాత పంపు చెడిపోయినచో, కాలువ పూడినచో, వీధి దీపము ఆరినచో, చెత్త ఎత్తు మనిషికి నెల జీతము ఇయ్యవలసి వచ్చినచో, ఆ ఖర్చుకు పైనుండి రాదు. పదునైదవ ఆర్థిక సంఘము 2021-26 కాలమునకు ఊళ్ళకిచ్చిన అనుదానముల నిబంధనలు చదివినవారికి ఇది తెలియును. చిన్న పట్టణములకు వచ్చు మొత్తములో 60 శాతము నీటికి, పారిశుద్ధ్యమునకు కట్టుబడి ఉన్నది. మిగిలిన 40 శాతము ఊరి అవసరమునుబట్టి వాడుకొనవచ్చును గాని, జీతములకు, ఆఫీసు ఖర్చులకు వాడరాదు. అనగా చీపురు కొనుటకు పై డబ్బు దొరకవచ్చును, చీపురు పట్టినవానికి కూలి మాత్రము ఊరే ఇచ్చుకొనవలెను. ఊరికి స్వంత రాబడి అన్నచో ఘర్‌పట్టి, పాణిపట్టి, దుకాణముల బాడుగ, సంత వసూలు. ఇంతే.

ఒక చిన్న లెక్క వేతము. నూరు నేత ఇండ్లున్న పేట ఒకటి అనుకొనుడు. ఇంటికి ఏటా రు. 600 ఘర్‌పట్టి అనుకొనుడు. మొత్తము రు. 60,000. ఒక్క పారిశుద్ధ్య కార్మికునికి ఏడాది జీతము కూడ ఇందులో పూర్తిగా రాదు. ఇది కూడ మాఫీ అయినచో ఆ పేటలో కాలువ తీయువాడు వారమునకొకమారు వచ్చుటకు బదులు నెలకొకమారు వచ్చును. రంగు నీళ్ళు, గంజి నీళ్ళు పోవు కాలువ ఎవరి ఇంటి ముందున్నదో వేరే చెప్పనక్కరలేదు. నేతవానికి నీరు త్రాగుటకే కాదు, అద్దకమునకు, గంజికి, నూలు తడుపుటకు కూడ కావలెను. నళ్ళా రెండు దినములు రానిచో వర్తకుని దుకాణము నడచును, మన పని ఆగును. ఊరి సేవలు తగ్గినచో ముందు దెబ్బ తినునది మనమే. అట్టి మనమే ఊరి పెట్టె ఖాళీ చేయుడని అర్జీ పెట్టుట మాకు వింతగా తోచుచున్నది.

మాఫీ ఎవరికి చేరును అన్నది ఇంకొక ప్రశ్న. మనలో అద్దె ఇండ్లలో మగ్గములు పెట్టుకొన్న కుటుంబములు తక్కువ కావు. ఘర్‌పట్టి మాఫీ అయినచో యజమాని అద్దె తగ్గించునా? ఎవరైన చూచినచో మాకు వ్రాయవలసినది, సంతోషముతో ప్రకటింతుము.

బాకీలమీది జరిమానా సంగతి కూడ ఇట్టిదే. మన రాష్ట్రములో నగరపరిషత్తులు, నగరపంచాయతీల చట్టము ప్రకారము గడువు దాటిన పన్నుమీద నెలకు 2 శాతము జరిమానా పడును. మరాఠీలో దీనిని శాస్తి అందురు. తెలుగులో ఆ మాట ఏ సందర్భమున వాడుదుమో అందరికి తెలుసు గనుక అర్థము చెప్పనక్కరలేదు. నెలకు 2 శాతమన్నచో ఏడాదికి 24. షావుకారు వడ్డీకి ఇది ఏమాత్రము తీసిపోదు, బీదవానిమీద ఇంత వేయుట న్యాయమని మేము అనము. 2025 ఏప్రిలులో రాష్ట్ర మంత్రివర్గము ఈ శాస్తిని మాఫీ చేయుటకు అభయ యోజన అను పేర ఒక దారి తెరచినది. మంచిదే. కాని లెక్క చూడుడు. రు. 600 పన్ను ఏడాది బాకీ పడిన నేతవానికి మాఫీ అగునది రు. 144. రోడ్డుమీద దుకాణముల వరుస కట్టి రు. 20,000 పన్ను ఏడాది ఎగవేసినవానికి మాఫీ అగునది రు. 4,800. ఇక అప్పు చేసియైనను గడువులోపల కట్టిన మూడవవానికి దక్కునది సున్న. వాడు వచ్చే ఏడు ఏల కట్టవలెను? ఇట్టి మాఫీలు రెండు మూడేండ్లకొకమారు వచ్చునని జనమునకు తెలిసినచో, కట్టకుండ కూర్చొనుటయే తెలివియని ఊరంతయు నేర్చుకొనును.

జకాత్ కథ మన పెద్దలకు బాగుగా తెలుసును, పిల్లలకు తెలియదు. నైజాం రాజ్యములో కరోడ్‌గిరి అను సరిహద్దు సుంకము ఉండెడిది. 1956లో నాందేడ్ జిల్లా హైదరాబాదు రాష్ట్రమునుండి బొంబాయి రాష్ట్రములోనికి, 1960లో మహారాష్ట్రములోనికి వచ్చినది. ఈ రాష్ట్రములో పట్టణముల ముఖ్యమైన రాబడి జకాత్. నూలు మూట నాకా దాటవలెనన్నను, చీరల మూట సంతకు పోవలెనన్నను గుమాస్తా ముందు ఆపి చూపవలెను. చీర మడత చెడినను, బండి పూట నిలిచినను అడుగువాడు లేడు. ఆ పన్ను చెడ్డదనుటలో మాకు సందేహము లేదు. 1999లో నగరపరిషత్తులలో జకాత్ ఎత్తివేసినారు. బదులుగా సహాయక అనుదానమని రాష్ట్ర ప్రభుత్వము ఇయ్యసాగినది. పెద్ద నగరములలో జకాత్ ఇంకను కొంతకాలము సాగి, 2010 నుండి క్రమముగా స్థానిక సంస్థా కరము అను పేరు మార్చుకొన్నది. వర్తకులు దానిని ఎదిరించి బందులు చేసినారు. 2015 ఆగస్టు 1 నుండి ఏటా రు. 50 కోట్ల లోపు వ్యాపారము గలవారికి అది కూడ తీసివేసినారు. అన్నట్టు, ఈ కరమును తెచ్చినప్పుడు ఆ నగరములలో ఇండ్లు, స్థలములు కొనువారి స్టాంపు డ్యూటీమీద 1 శాతము అదనముగా వేసినారు. వర్తకుని కరము పోయినను ఇల్లు కొనువాని 1 శాతము మాత్రము పోలేదు. గట్టిగా అరచినవానికి మాఫీ, అరవనివానికి బిల్లు!

తుదకు 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చినది. ముంబయి జకాత్ నాకాలు కూడ ఆనాటితో మూతపడినవి. అప్పుడు ఒక పని మాత్రము సరిగా జరిగినది, దానినే మన సభ్యులు గమనింపవలెనని మా కోరిక. ఆదాయము పోయిన స్థానిక సంస్థలకు నష్టము భర్తీ చేయుటకు మహారాష్ట్ర శాసనసభ ఆ సంవత్సరమే ఒక చట్టము చేసినది. 2016-17 సంవత్సరపు రాబడిని ఆధారముగా తీసుకొని, దానిని ఏటేటా 8 శాతము చొప్పున పెంచి, నెలనెలా ఇయ్యవలెనని అందులో వ్రాసినారు. ముంబయి కార్పొరేషనుకు మొదటి నెలలోనే రు. 647 కోట్ల చెక్కు చేతికందినది. అది దయాదాక్షిణ్యముల మీద వచ్చినది కాదు, చట్టమున్నది గనుక వచ్చినది. పన్ను తీసివేసినవాడే దాని ధర చెల్లించినాడు. ఆ ధర పేరుపేరున లెక్కించి, పెరుగుదలతో సహా, ముందే వ్రాసిపెట్టినాడు. మన నూలుమీద, గుడ్డమీద జి.ఎస్.టి. పడినదన్న మాట వేరు. దానిని గురించి ఇదివరలోనే చాల వ్రాసియున్నాము.

అయితే ఆ లెక్క పాత రాబడిమీద కట్టినది. అట్టి రాబడి లేని ఊరికి అందులో పద్దు లేదు. మొన్న మొన్నటివరకు గ్రామపంచాయతీగా ఉండి నగరపంచాయతీ అయిన నాయ్‌గావ్ వంటి ఊళ్ళకు, 17 వార్డులు ఏర్పడినవి గాని రాబడి పదిహేడింతలు కాలేదు. ఇట్టి ఊరికి చేతిలో మిగిలినది ఘర్‌పట్టి ఒక్కటే. దానిని కూడ వదలుకొనుమన్నప్పుడు బదులేమిచ్చెదరని అడుగకుండుట తగదు.

సరిహద్దు అవతలి సంగతి చెప్పనిచో ఈ వ్యాసము పూర్తి కాదు. 2019 సెప్టెంబరులో నాయ్‌గావ్, భోకర్, దేగ్లూర్, కిన్వట్, హద్‌గావ్ నియోజకవర్గముల నాయకులు హైదరాబాదు వెళ్ళి, తమ పల్లెలను తెలంగాణములో కలుపుడని అప్పటి ముఖ్యమంత్రిని కోరినారు. అంతకు ముందు ఏడాదియే ధర్మాబాద్ తాలూకా పల్లెలు ఆ మాట ఎత్తినవి. అవతలివారికి రైతుబంధు, పింఛను ఉన్నవి, ఇవతల మనకు లేవన్నది వారి బాధ. ఆ బాధ బూటకమని మేము అనము. ఇంటిపన్ను విషయమున మాత్రము అవతల రెండు రకముల పని జరిగినది, రెంటిని వేరువేరుగా చూడవలెను.

మొదటిది 2020 నవంబరు 14, దీపావళి నాటి కానుక. హైదరాబాదు నగర కార్పొరేషనులో రు. 15,000 వరకు, ఇతర పట్టణములలో రు. 10,000 వరకు ఇంటిపన్ను కట్టువారికి ఆ ఏటి పన్నులో సగము తగ్గించినారు. మొత్తము రు. 326 కోట్లని ప్రభుత్వమే లెక్క చెప్పినది. పండుగ వెళ్ళిన పక్షము దినములకు, డిసెంబరు 1న, నగర కార్పొరేషను ఎన్నికలు. ఇంతకంటె వ్యాఖ్యానము అనవసరము. ముందే కట్టినవారికి మరుసటి ఏడు సర్దుబాటు చేయుదుమన్నారు, అది ఒక్కటి మెచ్చుకొనవలసిన మాట. కాని ఏడాది సగము గడచి, రాబడి ఇంతయని బడ్జెటు వేసుకొని, పనులు అప్పగించిన తరువాత రాబడిలో కోత పడినచో పట్టణము ఏమి చేయవలెను? పడుగు పన్నిన తరువాత పేక నూలు సగమే ఇత్తునన్నట్టు.

రెండవది 2019 మునిసిపల్ చట్టము. 75 చదరపు గజముల లోపు స్థలములో కట్టిన చిన్న ఇంటికి ఏడాదికి రు. 100 మాత్రమే ఇంటిపన్నని అందులో నిర్ణయించినారు. ఇది మాకు నచ్చినది. చిన్న ఇంటివానికే చేరును, దుకాణముల వరుసవానికి చేరదు. పండుగకు వచ్చి పండుగతో పోవునది కాదు. వచ్చే ఏడు రాబడి ఎంతో పట్టణమునకు ముందే తెలియును. అన్నిటికంటె ముఖ్యమైనది, వంద రూపాయలైనను ఆ ఇంటివాడు పన్ను కట్టినవాడే. రశీదు చేతిలో ఉన్నవాడు నీరు రాలేదని ఆఫీసు మెట్లెక్కి గట్టిగా అడుగగలడు. మాఫీ పొందినవానితో గుమాస్తా మాటాడు తీరు వేరుగా ఉండును. ఇది చట్టములో వ్రాయబడని సంగతియే గాని అందరు ఎరిగినదే.

మాఫీవలన పోవునది పన్ను మాత్రమే కాదని కూడ సభ్యులు గ్రహింపవలెను. పదునైదవ ఆర్థిక సంఘము పట్టణములకు ఒక షరతు పెట్టినది. ఇంటిపన్నుకు రాష్ట్రము కనీసపు రేట్లు ప్రకటింపవలెను. తరువాత 2022-23 నుండి ఆ పన్ను వసూలు రాష్ట్రపు మొత్తము ఉత్పత్తి పెరుగుదలకు తగినట్టు ఏటేటా పెరుగవలెను. పెరుగనిచో అనుదానము అందదు. బాకీల మాఫీ పెట్టిన ఏడు పాత బాకీలు వచ్చి వసూలు ఉబ్బును. మరుసటి ఏడు ఆ ఉబ్బిన అంకెమీదనే పెరుగుదల చూపవలెను. ఎక్కడనుండి చూపును? ఇట్లు ఒక రూపాయి వదలుకొన్న ఊరు రెండవ రూపాయి కూడ పోగొట్టుకొను ప్రమాదమున్నది.

ధనవంతమైన దేశములలో కూడ ఇది జరిగినది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్ర ప్రజలు 1978లో ఓట్లు వేసి, ఇంటిపన్ను ఆస్తి విలువలో 1 శాతమునకు మించరాదని, ఆ విలువను ఏటా 2 శాతమునకు మించి పెంచరాదని శాసనము చేసుకొన్నారు. ఊళ్ళకు ఇంటిపన్ను రాబడి ఒక్కమారు సగమునకు పైగా పడిపోయినది. రాష్ట్ర ప్రభుత్వము తన నిలువ డబ్బుతో ఆదుకొన్నది గాని, డబ్బు ఎవరిదో పెత్తనము వారిదే అయినది. ఊళ్ళు ప్రతి చిన్న పనికి ఫీజులు పెట్టుకొన్నవి. ఇక్కడ కూడ ఘర్‌పట్టి పోయినచో పాణిపట్టి పెరుగదని ఎవరు హామీ ఇచ్చెదరు? ఘర్‌పట్టి ఇంటి పెద్దరికమునుబట్టి పడును. నళ్ళా రుసుము మేడకు, మన రేకుల ఇంటికి ఒక్కటే.

పన్ను కట్టినను కాలువ తీయుటలేదు, మరి ఏల కట్టవలెనని సభ్యులు కొందరు అందురు. ఈ మాటలో నిజము లేకపోలేదు. కాని దానికి మందు లెక్క అడుగుట. మన వార్డులో ఏటా ఎంత వసూలైనది, ఎంత ఖర్చైనది, కాలువలకు ఎంత, దీపములకు ఎంత అని వ్రాతమూలకముగా అడుగు హక్కు 2005 సమాచార హక్కు చట్టముతో ప్రతివానికి ఉన్నది. మాఫీ అర్జీకి తిరిగినంత ఓపిక ఇందుకు తిరిగినచో ఎంత బాగుండును!

కావున మేము కోరునది అర్జీ మానుమని కాదు, మార్చుమని. మగ్గము ఉన్న గదిని దుకాణముగానో కార్ఖానాగానో లెక్కింపక ఇంటిలో భాగముగానే లెక్కింపవలెనని అడుగుదము. ఇల్లు నివాసముగా వ్రాసినచో ఒక రేటు, వ్యాపారముగా వ్రాసినచో ఇంకొక రేటు. ఆలుమగలు, పిల్లలు కలిసి నేయు గుంట మగ్గము వ్యాపార భవనము కాదు. ఇది మాఫీ కాదు, సరియైన లెక్క మాత్రమే. ఇందులో ఊరికి పోవునది స్వల్పము, మనకు కలుగు మేలు శాశ్వతము. చట్టము ప్రకారము నాలుగేండ్లకొకమారు కొత్త పన్ను పట్టీ తయారుచేసి, అభ్యంతరములు చెప్పుకొనుటకు గడువిచ్చెదరు. ఆ గడువులో మనవారు ఎందరు వెళ్ళినారని ప్రశ్నించినచో జవాబు సంతోషకరముగా ఉండదు. పట్టీ మరాఠీలో ఉండుట ఒక అడ్డంకియే. దానికి సంఘము సాయము చేయవచ్చును.

ఇక చిన్న ఇండ్లకు పన్ను తగ్గింపు కావలెనన్నచో ఆ అర్జీ నగరపంచాయతీకి కాదు, ముంబయికి పోవలెను. తెలంగాణ చట్టములో వలె చిన్న ఇంటికి స్థిరమైన స్వల్ప పన్ను పెట్టుడని, దానివలన ఊళ్ళకు కలుగు నష్టమును 2017 చట్టములో వలె లెక్కకట్టి ఏటేటా పెంచి ఇండని అడుగుదము. రెండవ సగము లేకుండ మొదటి సగము మాత్రము ఇత్తుమన్నచో వలదని చెప్పు ధైర్యము కూడ మనకుండవలెను. పాత బాకీలమీది శాస్తి విషయమున, నివాసపు ఇండ్లకు ఒక పరిమితివరకే మాఫీ ఇచ్చి, గడువులో కట్టినవానికి కొంత తగ్గింపు చూపుట ధర్మమని మా అభిప్రాయము.

ఈ రీతిగా తిరుగవ్రాసిన ముసాయిదా సంఘ కార్యాలయములో ఉన్నది. చదువవచ్చువారు తమ ఘర్‌పట్టి బిల్లు వెంట తెచ్చుకొనవలెను. మగ్గము గదిని ఏ పద్దు క్రింద వ్రాసినారో బిల్లుచూచి జాబితా తయారుచేయుదుము. మొదటి కాగితముమీద ఇదివరకే సంతకము చేసినవారు కూడ నిస్సంకోచముగా రావచ్చును.